నున్నగా ఉంటే కళ, ఎముకలు తేలితే కేసు

నగ్నచిత్రం చూస్తే జనం చెడిపోతారని బెంగపెట్టుకునే పెద్దలు ఏ కాలంలోనైనా ఉంటారు. విచిత్రమేమంటే, వాళ్ల కత్తెర తరచూ పడేది కోరిక కన్నా దిగులు పుట్టించే బొమ్మల మీదే. ఎక్స్‌ప్రెషనిస్టులు గీసిన ఒంటికి పసుపూ ఆకుపచ్చా రంగులు, గొడ్డలితో చెక్కినట్టుండే మోకాళ్లు, లెక్కపెట్టుకోదగ్గ పక్కటెముకలు. వాటిని చూసి చెడిపోవాలంటే గట్టి పట్టుదల కావాలి.

ఆ పట్టుదల పోలీసులకు ఉంది. 1906లో డ్రెస్డెన్‌లో 'బ్రూకె' అనే ఎక్స్‌ప్రెషనిస్టుల బృందం ఓ దీపాల ఫ్యాక్టరీలో ప్రదర్శన పెట్టింది. ఫ్రిట్జ్ బ్లెయిల్ వేసిన పోస్టర్‌లో నగ్నంగా నిలబడ్డ స్త్రీ, పొత్తికడుపు కింద కాస్త నీడ. ఆ నీడలో వెంట్రుకలు కనబడుతున్నాయని పోస్టర్‌ను నిషేధించారు. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లను చూశాం గానీ, నీడకు పీకింది వీళ్లే.

నాజీలకైతే నగ్నత్వంతో పేచీయే లేదు. 1937లో మ్యూనిక్‌లో ఎక్స్‌ప్రెషనిస్టులైన కిర్ష్నర్, ఒట్టో ముల్లర్‌ల బొమ్మలను 'దిగజారిన కళ' పేరిట, గోడల నిండా వెక్కిరింపు రాతల మధ్య వేలాడదీశారు. నాజీలు మ్యూజియంల నుంచి లాగేసుకున్న కిర్ష్నర్ కృతులే 639. వాటిని ఏరించిన సంఘానికి పెద్ద అడాల్ఫ్ జీగ్లర్. ఆయనగారు గీసిన నలుగురు నగ్న స్త్రీలు మాత్రం హిట్లర్ మ్యూనిక్ భవనంలో, ఫైర్‌ప్లేస్ పైన కొలువుతీరారు. జీగ్లర్ వెంట్రుకలతో సహా ఎంత శ్రద్ధగా గీసేవాడంటే, జనం ఆయనకు చాటుగా పెట్టిన బిరుదును పత్రికలో అచ్చువేయలేం.

2017లో వియన్నా పర్యాటక సంస్థ చిత్రకారుడు ఎగాన్ షీలె నగ్నచిత్రాలతో పోస్టర్లు వేయబోతే లండన్, హాంబుర్గ్‌లలో కుదరదన్నారు. చివరికి మర్మాంగాలకు అడ్డంగా ఓ పట్టీ వేసి, వందేళ్ల బొమ్మ నేటికీ మరీ తెగింపుగా ఉన్నందుకు క్షమించమని దాని మీదే అచ్చేశారు. చూపు సరిగ్గా ఎక్కడికి పోకూడదో అక్కడికే దారి చూపించారు.

మనమేం తక్కువ తినలేదు. 1954లో ముంబైలో ఓ బొమ్మకుగాను చిత్రకారుడు అక్బర్ పదమ్సీని అరెస్టు చేస్తే కోర్టు వదిలేసింది. 2023లో అదే ఊళ్లో కస్టమ్స్‌వారు లండన్ నుంచి వచ్చిన పదమ్సీ, ఎఫ్.ఎన్. సూజాల ఏడు కృతులను అశ్లీలమని పట్టుకున్నారు. మరుసటి ఏడాది జప్తు చేసి, 50 వేల రూపాయల జరిమానా కూడా వేశారు. అప్పటికి చిత్రకారులిద్దరూ లేరు. ప్రతి నగ్నచిత్రమూ అశ్లీలం కాదని బొంబాయి హైకోర్టు 2024 అక్టోబరులో చెప్పాల్సివచ్చింది, బొమ్మలు రెండు వారాల్లో తిరిగిచ్చేయమంది. అన్నాళ్లూ వాటిని దగ్గర పెట్టుకున్నది కస్టమ్స్‌వారే. వాళ్లలో ఎవరైనా చెడిపోయినట్టు కోర్టుకు విన్నవించుకోలేదు.