లైన్ కట్

మెదక్ రాందాస్ చౌరస్తాకు దగ్గర్లోని ఓ సందులో, పాత డాబా ఇంటికి ఆ రోజు ఫైబర్ కనెక్షన్ వచ్చింది. పెట్టడానికి వచ్చిన టెక్నీషియన్‌కు నలభై దాటి ఉంటాయి. ఇంటాయనను చూడగానే చేతిలోని కేబుల్ చుట్ట కింద పెట్టి దండం పెట్టాడు.

"సార్, నన్ను గుర్తు పట్టిండ్రా? 2002ల మీ నెట్ సెంటర్లనే ఇంటర్ రిజల్ట్స్ చూసుకున్న."

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "సైకిల్ షాపాయన కొడుకువు గదా!"

ఆ మాటతో టెక్నీషియన్‌కు హుషారొచ్చింది. కేబుల్ పైతొడుగు ఒలిచాడు. లోపలి గాజు పోగును స్పిరిట్ అద్ది తుడిచి, కొసను నున్నగా కత్తిరించి, స్ప్లైసింగ్ మెషిన్‌లో పెట్టాడు. చిన్న తెర మీద రెండు పోగుల కొసలు ఎదురెదురుగా కనిపించాయి. చిటుక్కున మెరుపు మెరిసి రెండూ ఒకటయ్యాయి. గోడకు బిగించిన పెట్టెలో ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలిగింది. ఫోన్‌లో స్పీడ్ చూపించాడు: 100 ఎంబీపీఎస్.

"అప్పట్ల మీ మోడెం ఎంతిచ్చేది సార్?"

"డబ్బా మీద 56 కేబీపీఎస్ అని రాసి ఉండేది. మన లైన్ల మీద 40 వస్తే పండుగే."

పెద్దాయనకు ఆ లెక్కలంటే ఇప్పటికీ ప్రాణం. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు డయలప్ వేగం 9.6 కేబీపీఎస్. ఆ తర్వాత మోడెంలు మెరుగయ్యాయి గానీ దారి మారలేదు. అదే టెలిఫోన్ తీగ. మనిషి గొంతు కోసం వేసిన లైను కాబట్టి 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనులకే అందులో చోటు. సమాచారాన్ని మోడెం కీచుకీచుమనే కూతలుగా మార్చి ఆ ఇరుకు సందులోంచే పంపేది. గాజు పోగులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రాగి తీగలో సంకేతం కూడా ఇంచుమించు అంత జోరుగానే పోతుంది. తేడా అంతా ఒక సెకనులో ఎంత సమాచారం పడుతుందన్న దాంట్లోనే ఉంది.

"మూడు ఎంబీల ఫొటో డౌన్‌లోడ్ కావాలంటే పది నిమిషాలు కూసునేటోళ్లం. ఇప్పుడు పావు సెకను. 2,500 రెట్లు!" అన్నాడు పెద్దాయన.

పైగా ఆ లైను ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఇంట్లో ఎవరైనా రిసీవర్ ఎత్తినా, వానకు తీగలు తడిసినా పుటుక్కున కట్ అయ్యేది. మళ్లీ డయల్ చేయాలి, మళ్లీ ఆ కూతలన్నీ వినాలి. లైన్ కట్ అయిందంటే ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

"రిజల్ట్స్ దినం నా పానం తీసింది గా లైనే సార్" అన్నాడు టెక్నీషియన్. "రాష్ట్రమంత ఒక్కపారే ఆ సైటు మీద పడ్డది. మీరే నా హాల్ టికెట్ నంబర్ కొట్టిండ్రు. తెర మీ దిక్కు ఉండె. శానాసేపు చూసి, లైన్ కట్ అయింది, వచ్చేదాక ఈడనే కూసో అన్నరు. చాయ్ తెప్పిచ్చిండ్రు. పాత బాకీ ఉందని పిలగాన్ని పంపి మా నాయనను పిలిపిచ్చిండ్రు. గడప కాడ ఇద్దరు మెల్లగ మాట్లాడుకున్నరు. ఆయన లోపటికి వచ్చినంక గని లైన్ రాలే!"

"మ్యాథ్స్ పోయింది నీకు."

"అవ్ సార్. మా నాయన ఎంత కోపిష్టో మీకెర్క గదా. దెబ్బలు పడ్తయనుకున్న. ఒక్క మాట అనలే. భుజం మీద చెయ్యేసి, సప్లిమెంటరీ ఉంది గదరా అన్నడు. రాసి పాసైన. ఆ దినం ఆయనకు కోపమెందుకు రాలేదో నాకిప్పటికీ సమజ్ కాదు."

పెద్దాయన ఏమీ అనలేదు. టెక్నీషియన్ పనిముట్లు సంచిలో సర్దుకుంటూ చెప్పుకుపోయాడు.

"మా పెద్దోడు ఇప్పుడు ఇంటర్ సెకండియర్. రేపే రిజల్ట్స్. వానికి మా తిప్పలు లెవ్వు సార్. అర్రల కూసోని ఫోన్ల నంబర్ కొడ్తడు, రెప్ప కొట్టేలోపల వచ్చేస్తది. లైన్ కట్ అనే ముచ్చటే లేదు."

కాగితం మీద సంతకం పెడుతున్న పెద్దాయన పెన్ను ఆపాడు.

"రేపు ఆ టైంకు నువ్వు యాడుంటవ్?"

"డ్యూటీలనే సార్. ఇంకో రెండు కనెక్షన్లు పెట్టాలె."

"సెలవు పెట్టు. వాని పక్కపొంటి కూసో."

టెక్నీషియన్ నవ్వాడు. "ఎందుకు సార్? ఒక్క సెకను పని!"

"అందుకే పెట్టుమంటున్న. ఆ దినం లైన్ కట్ కాలే బిడ్డా. నీ పేజీ మొత్తం వచ్చింది. మోడెం వైరు నేనే పీకిన. గడప కాడ మీ నాయనతోని ఒట్టు పెట్టిచ్చుకున్నంకనే మళ్ల పెట్టిన."