పిల్లి పట్టిన చాంద్రాయణం

తాండూరు కందిపప్పు గొప్పదే, కాదనను. లోతైన నల్లరేగడిలో పండే పంట, 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పంట. నెయ్యేసి కలిపితే మనిషి జన్మ ధన్యం. నా పేచీ అంతా పిల్లి జన్మ గురించే.

"మావోడు నీసు ముట్టడు సార్. పప్పన్నం, పాలు, అంతే" అని వికారాబాద్‌లోనో తాండూరులోనో ఒక పెద్దమనిషి మురిసిపోతుంటాడు. మావోడు మూలన కూర్చుని ట్యూబులైటు పక్కనున్న బల్లినే చూస్తుంటాడు. హితోపదేశంలో దీర్ఘకర్ణుడనే పిల్లి చాంద్రాయణ వ్రతం పట్టానని ముసలి గద్దను నమ్మించి, చెట్టు మీది పిట్టపిల్లలన్నిటినీ మింగింది. పాపం, అది తన అబద్ధం తానే ఆడుకుంది. ఇక్కడ పిల్లికి ఆ శ్రమ కూడా లేదు, దాని తరఫున యజమానే ఆడేస్తాడు.

క్యాట్‌ఫుడ్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో టారిన్ అని ఉంటుంది. పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన ఈ పోషకం మాంసంలో, చేపలో, ఎలుకలో దొరుకుతుంది. పప్పులో ప్రొటీన్ ఎంతున్నా ఇది మాత్రం లేనట్టే. మనం ఒంట్లోనే చేసుకుంటాం. పిల్లి సరిపడా చేసుకోలేదు. పైగా దాని పైత్యరసానికి టారిన్ తప్ప మరొకటి పనికిరాదు కాబట్టి రోజూ కొంత పోగొట్టుకుంటుంది. టారిన్ కరువైతే పిల్లి కంటిపొర (రెటీనా) చెడుతుందని 1975లో అమెరికా పరిశోధకులు చూపించారు. 1987లో పాల్ పియాన్ బృందం గుండె ఉబ్బి నీరసించడానికీ ఈ లోటే కారణమని తేల్చింది. టారిన్ ఇస్తే చాలా పిల్లుల గుండె కోలుకుంది. చెడిన చూపు తిరిగి రాదు. "క్యారెట్ తురిమి వేస్తున్నాం కదా" అంటారా? క్యారెట్‌ను విటమిన్ ఎ గా మార్చుకునే విద్య పిల్లికి రాదు.

కంపెనీలూ తక్కువేం కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం పొడి మేతలో కనీసం 0.1 శాతం టారిన్ ఉండాలి. ఆ కనీసాన్నే "టారిన్ సమృద్ధం" అని ముందువైపు పెద్ద అక్షరాల్లో అచ్చేయడం, సాంబారులో ఉప్పు వేశామని హోటలు బోర్డు కట్టడం లాంటిది. అయితే ఒక ఊరట: ప్యాకెట్లో కలిపేది మామూలుగా ఫ్యాక్టరీలో చేసిన టారిన్. అందులో నీసు లేదు.

మరి పప్పన్నం పిల్లులు బతుకుతున్నాయి కదా అంటారు. తాండూరులో పప్పు మిల్లులున్నాయి, మిల్లులున్నచోట ఎలుకలుంటాయి. పగలు వ్రతం, రాత్రి పారణ. చిక్కల్లా కిటికీలకు జాలీ కొట్టించి, మూడో అంతస్తులో పిల్లికి నిజంగానే వ్రతం చేయించేవాళ్లతోనే. అంత నిష్ఠ ఉంటే మేకపిల్లను తెచ్చుకోండి సార్. కందిపొట్టు వేస్తే కరకరా నమిలేస్తుంది, నీసు జోలికి రాదు.