సీసా నిలబెట్టండి, సైకిలు వదిలిపెట్టండి

సొంత ఊళ్లో తాటికల్లు పేరెత్తితే ముక్కు మూసుకునే పెద్దమనిషి, జర్మనీలో కొలువు దొరకగానే, శరదృతువులో మోజెల్ లోయ దుకాణాలకు వచ్చే ఫెడర్‌వైసర్‌ను, అంటే ద్రాక్షరసం ఇంకా పులుస్తుండగానే అమ్మే మడ్డిగా కనిపించే కొత్త వైన్‌ను, సంస్కృతీ పరిచయమన్న పేరుతో లొట్టలేస్తూ సేవించడం గమనార్హం. పులియడం ఆగని ఆ సీసాలోంచి వాయువు బయటికి పోవడానికి మూత వదులుగానే ఉంచుతారు గనుక, దాన్ని సంచిలో పడుకోబెట్టి తెచ్చే నవాగతుడి కన్నా ముందు అతని ల్యాప్‌టాప్‌కే మత్తెక్కుతుంది. కారు తీయకపోతే చాలు, సైకిలుకు చట్టమేమిటన్న ధీమా కూడా అక్కడ చెల్లదు: కారు నడిపేవారికి మామూలు హద్దు వెయ్యి గ్రాముల రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాలు కాగా, కొత్త లైసెన్సుదారులకు రెండేళ్లపాటు, 21 ఏళ్లు నిండనివారికి (ఉడుకురక్తం సంగతి ఎరిగే పెట్టి ఉంటారు) అసలు సున్నా. సైకిలు మీదైనా ఆ లెక్క 1.6కు చేరితే నేరుగా క్రిమినల్ కేసే. కనుక రుచి చూడదలచిన ప్రవాసులు సీసాను నిటారుగా నిలబెట్టి, సైకిలుకు ఇంటి దగ్గరే తాళం వేసి, తిరుగు ప్రయాణపు బస్సు టికెట్టు తాగకముందే కొనుక్కోవాలని మనవి.