తాంబాళ పర్వము

మండల కేంద్రమందలి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభ. ఇట్టి సభలలో కవులు సన్మానితుని వర్ణింతురు. నేను తాంబాళమును వర్ణించెదను.

అది సామాన్య తాంబాళమా! ట్యూబులైటు వెలుగున రెండవ చంద్రుడై మెరయునది. అంచున ఎవరిదో గృహప్రవేశపు తేదీ శాసనమై చెక్కబడినది. ప్లాస్టిక్ కవరను కవచము వీడని జరీ శాలువను, నీళ్లు చిలకరింపగా చెమర్చిన గులాబీ దండను, గర్భమున గడియారము దాల్చిన మెమెంటోను, కుంకుమ భరిణెను, జ్యోతి ప్రజ్వలన వేళ తప్పక మాయమగు అగ్గిపెట్టెను ఒక్కటిగా ధరించినది.

ఇంతటి దానిని మోయుచున్నదెవరు? మ్యాథ్స్ మేడమ్. సీనియారిటీ లిస్టున ప్రథమురాలు. టైంటేబుల్ అను పద్మవ్యూహమును, పీరియడు పీరియడును ఢీకొనకుండ, ఏటేటా పన్నునది ఆమెయే. ఆ ఉదయము ముగ్గు వేసినది, ప్రార్థనకు పిల్లలను నిలిపినది, టిఫిన్ ప్లేట్లు లెక్కించినది కూడ ఆమెయే.

అంతకుముందు స్టాఫ్‌రూమున కమిటీల పంపకమను సముద్రమథనము జరిగెను. వేదిక, మైకు, చందాల లెక్క, ఉపన్యాసములు అను రత్నములు సార్ల వంతున పడెను. ముగ్గు, పూలు, ప్రార్థన, తాంబాళము మేడమ్‌లకు. "మీ చేతిలో ఉన్న కళ మాకెక్కడిదమ్మా!" అని ఆటలు నేర్పు పీడీ సారు పుష్పబాణము వేసెను. దీనికి విరుగుడు లేదు. కాదన్నది గయ్యాళి యగును. (ఇచ్చట ఒక పిట్టకథ. అమెరికా ఆర్థికవేత్తలు కొందరు 2017లో ప్రచురించిన ప్రయోగములలో, పదోన్నతికి అక్కరకు రాని చాకిరికి ఆడా మగా కలిసిన గుంపున ఆడవారే ఎక్కువగా ముందుకు వచ్చిరి. మగవారే ఉన్న గుంపున అదే పనికి మగవారు చక్కగా పూనుకొనిరి. చేతిలోని కళ పక్కన ఎవరున్నారో చూచి మొలచును కాబోలు!)

అసలు యుద్ధము ఎఫ్‌ఏసీ, అనగా హెడ్మాస్టరు పదవి పూర్తి అదనపు బాధ్యత, కొరకు. ఖాళీ అగు కుర్చీకి వరుస ప్రకారము మేడమే రావలెను. "ట్రెజరీ చుట్టూ తిరగాలి, ఎస్ఎంసీ మీటింగులు, ఊళ్లో పెద్దలు... మీ మాట వింటారా? మీకెందుకమ్మా శ్రమ? విల్లింగ్ లేదని ఓ కాగితం రాసిచ్చేయండి" అని సోషల్ సారు మృదువుగా ఒక తెల్లకాగితమును తాంబాళపు అంచున ఉంచెను. "మీ మాట వింటారా" అను ఈ అస్త్రము పాతదే. పల్లెల నుండి వచ్చిన జవానులు మహిళా అధికారుల కమాండుకు మానసికముగా ఇంకను సిద్ధపడలేదని కేంద్ర ప్రభుత్వమే దీనిని సుప్రీంకోర్టున ప్రయోగింపగా, 2020 ఫిబ్రవరిలో అది అచ్చటనే విరిగెను. ఆ ముక్కలను ఏరి అతికించుకొని మన స్టాఫ్‌రూములు నేటికిని వాడుచున్నవి.

మేడమ్ కాగితము చూచెను. రాయుటకు చేయి కావలెను. ఉన్న రెండును తాంబాళమునకే అంకితము.

"సార్, కాస్త పట్టుకోండి" అని దానిని పీడీ సారు చేతులలో పెట్టెను. డిస్కును గగనమునకు విసరిన ఆ బాహువులు గజగజ వణికెను. మెమెంటో జారెను, భరిణె దొర్లెను, మహావీరుని తెల్లచొక్కా కుంకుమారుణ మయ్యెను. ఆలోపల ఆమె "విల్లింగ్" అని రాసి, తేదీ వేసి, సంతకము చేసెను.

వేదికపై ఎంఈఓ గారు దండ కొరకు చేయి చాచి, ఆడవారి వరుసవంకే చూచుచుండిరి.