కొత్త మార్కెట్‌లో పెట్టుబడి: లాయరు ఖర్చు లేకుండా

ఫలానా దేశం విదేశీ పెట్టుబడులకు తలుపులు తీసిందని పేపర్లో పడగానే టికెట్ బుక్ చేసేయండి. లాయరును మాత్రం అడగొద్దు. అడిగితే మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లి, చల్లినందుకు గంటల లెక్కన బిల్లు వేస్తాడు. కింది చిట్కాలు చాలు. ఇవి నా ఊహలు కావు. చైనా తలుపులు తీశాక అక్కడికి వెళ్లిన మహామహా కంపెనీలు ఆచరించి చూపినవే.

ముందు చట్టం సంగతి. దాన్ని విమానంలోనే చదివేయొచ్చు. 1979 జులైలో చైనా తెచ్చిన జాయింట్ వెంచర్ చట్టంలో మొత్తం 15 అధికరణలే ఉన్నాయి. భోజనం ట్రే వెనక్కి తీసుకెళ్లే లోపు అయిపోతుంది. దాని అమలు నిబంధనలు 1983 దాకా రాలేదే అని ఎవరైనా సణిగితే పట్టించుకోకండి. రాయనిదంతా మనకు అనుకూలమే కదా! ఆఫీసు బీరువాల్లో ‘లోపలి వాడకానికి మాత్రమే’ అన్న నియమాలు వేరే ఉండేవి, వాటిని విదేశీయులకు చూపేవారు కాదు. చూపించని నియమాన్ని పాటించమని ఎవరు మాత్రం అడుగుతారు?

డాలర్ల గురించి బెంగ అక్కర్లేదు. అమెరికన్ మోటార్స్ కంపెనీ 1983లో బీజింగ్‌లో జీపుల తయారీకి ఒప్పందం చేసుకుంది. జీపులు చైనాలో అమ్మితే వచ్చేది యువాన్లు. చెరొకీ రకం జీపుల విడిభాగాల కిట్లు అమెరికా నుంచి తెప్పించాలంటే కావాల్సింది డాలర్లు. జాయింట్ వెంచర్ తన డాలర్లు తానే సంపాదించుకోవాలన్నది అప్పటి నియమం. 1986కల్లా కిట్లకు డబ్బు కట్టలేక చెరొకీల పని ఆగింది. చివరికి ప్రధాని జావో జియాంగ్‌కే ఉత్తరం వెళ్లింది, అప్పుడు గానీ దారి దొరకలేదు. మీరూ అలాగే చేయండి. ప్రధాని చిరునామా కనుక్కోవడం కంటే విదేశీ మారకం నిబంధన చదవడమే తేలిక అనుకునేవాళ్లు వ్యాపారానికి పనికిరారు.

స్థలం తీసుకుంటే నగరం నడిబొడ్డునే తీసుకోండి, లీజు పొడుగ్గా రాయించుకోండి. మెక్‌డొనాల్డ్స్ 1992లో బీజింగ్ వాంగ్‌ఫుజింగ్ వీధి మూల మీద 700 సీట్ల హోటల్ తెరిచింది, 20 ఏళ్ల లీజు చూసుకుని. రెండేళ్లు దాటాయో లేదో ఖాళీ చేయమన్నారు. హాంకాంగ్ కుబేరుడు లీ కా-షింగ్ అక్కడ పెద్ద వాణిజ్య సముదాయం కట్టబోతున్నాడు మరి. కొంతకాలం పట్టుబట్టి చూసి, 1996లో దుకాణం కట్టేశారు. భూమి ఎవరిది, లీజు ఇచ్చినవాడికి ఆ అధికారం ఎక్కడిది, ఆ మూల మీద నగర పెద్దలకు వేరే ఆలోచన ఉందా అని ఆరా తీయడం అతిథి లక్షణం కాదు.

అప్పు ఇచ్చేటప్పుడు హామీ పత్రం అడగొద్దు, బాగోదు. ‘కంఫర్ట్ లెటర్’ చాలు. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సు ప్రభుత్వ పెట్టుబడి సంస్థ గిటిక్‌కు విదేశీ బ్యాంకులు ఆ ధైర్యంతోనే కోట్ల డాలర్లు పోశాయి. 1998 అక్టోబరులో దాన్ని మూసేశారు, 1999 జనవరిలో దివాలా ప్రకటించారు. ఉత్తరాలు తీసుకెళ్లి చూపిస్తే, ఇది హామీ కాదు కదా అన్నారు. నిజమే, కాదు. ఉత్తరం ఇచ్చింది ధైర్యం కోసం, ఆ ధైర్యం అప్పిచ్చేనాడు పుష్కలంగా వచ్చింది.

నిషేధం ఉన్న రంగమా? సందు ఎక్కడో ఉంటుంది. టెలికాం సేవల్లో విదేశీయులకు చోటు లేదన్నప్పుడు, ఒక చైనా కంపెనీతో జాయింట్ వెంచర్ పెట్టి, దాని ద్వారా టెలికాం సంస్థ చైనా యూనికామ్‌కు డబ్బు చేర్చారు. స్థానిక అధికారులు నవ్వుతూ చూశారు. 1998లో బీజింగ్ ఇది సక్రమం కాదు, విప్పేయండి అంది. వంద కోట్ల డాలర్లకు పైగా వెళ్లిన దారిని వెనక్కి తిప్పాల్సి వచ్చింది. కింది అధికారి చిరునవ్వుకు గడువు తేదీ ఉండదని నమ్మండి.

ట్రేడ్‌మార్క్ విషయంలో తొందరపడొద్దు. అక్కడ ముందు ఎవరు నమోదు చేసుకుంటే వాళ్లదే పేరు, కాబట్టి ముందు వాళ్లనే వెళ్లనివ్వండి. ఆపిల్ సంస్థ 2009లో ఒక బ్రిటిష్ కంపెనీని ముందుపెట్టి ‘ఐప్యాడ్’ పేరును ప్రోవ్యూ తైవాన్ సంస్థ దగ్గర 35,000 పౌండ్లకు కొంది. ఎంత చవక! కానీ చైనా ప్రధాన భూభాగంలో ఆ పేరు నమోదై ఉన్నది షెన్‌జెన్ ప్రోవ్యూ పేరిట. అమ్మింది ఒకరు, సొంతదారు ఇంకొకరు. 2012లో మరో 6 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డారు. రిజిస్టరు తీసి పేరు ఎదురుగా ఎవరున్నారో చూసి ఉంటే ఈ కథ ఇంత రక్తి కట్టేదా?

ఫ్రాన్సు కంపెనీ డానోన్ ఇంకా ఉదారం. హాంగ్‌ఝౌలోని వహాహా సంస్థతో 1996లో కలిసింది. వహాహా పేరును జాయింట్ వెంచర్‌కు బదలాయించాలని రాసుకున్నారు. ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఒప్పుకోలేదు. పోనీలే అని 1999లో లైసెన్సుతో సరిపెట్టుకున్నారు. అదే పేరుతో భాగస్వామి జాయింట్ వెంచర్‌కు బయట ఎన్నో ఫ్యాక్టరీలు పెట్టి అమ్ముకుంటున్నాడని 2007లో గొడవ రచ్చకెక్కింది. 51 శాతం వాటా ఉందిగా అని డానోన్ ధీమా. వాటా కాగితం పారిస్‌లో ఉంది, ఫ్యాక్టరీలూ డీలర్లూ పనివాళ్లూ హాంగ్‌ఝౌలో, భాగస్వామి వెనక ఉన్నారు. 2009లో ఆ 51 శాతాన్నీ అతనికే అమ్మేసి వెళ్లారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిట్కా ముద్రది. కంపెనీ ముద్రను స్థానిక పెద్దమనిషి చేతిలో పెట్టి మరిచిపోండి. మన దగ్గర రబ్బరు స్టాంపు పోతే ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా ఉన్న షాపులో సాయంత్రానికి ఇంకోటి చేయించుకుంటాం. అక్కడ అది పోలీసు శాఖలో నమోదైన వస్తువు. ముద్ర పడితే కంపెనీ మాట ఇచ్చినట్టే. దానికి తోడు రిజిస్టరులో ‘చట్టబద్ధ ప్రతినిధి’గా ఎవరి పేరుంటే కంపెనీ తరఫున నిలబడేది ఆయనే. చిప్‌ల డిజైన్ సంస్థ ఆర్మ్‌కు చైనాలో ఉన్న జాయింట్ వెంచర్ బోర్డు 2020 జూన్‌లో సీఈఓను తీసేసింది. విదేశీ వాటాదారే కాదు, చైనా వాటాదారూ అదే మాట మీద ఉన్నారు. ఆయన లేవలేదు. ముద్ర ఆయన దగ్గరుంది, రిజిస్టరులో పేరు ఆయనది. 2022 ఏప్రిల్‌లో రిజిస్టరు మారేదాకా కుర్చీ ఆయనదే. కాబట్టి బోర్డు తీర్మానాలు అందమైన ఇంగ్లీషులో రాయించుకోండి, ముద్ర ఎవరి సొరుగులో ఉందో అడిగి ఎవరి మనసూ నొప్పించకండి.

వివాదం వస్తే ఎలా అంటారా? ఒప్పందంలో స్టాక్‌హోమ్‌లో ఆర్బిట్రేషన్ అని రాసేయండి, డానోన్ అక్కడికే వెళ్లింది. అక్కడ గెలిచినా ఆ తీర్పును అమలు చేయించుకోవడానికి అవతలివాడి ఆస్తులున్న ఊరి కోర్టుకే రావాలి, కానీ అది తర్వాతి మాట. ముందు మంచి చలికోటు ఒకటి కొనుక్కోండి. స్వీడన్‌లో చలి ఎక్కువ.