దెయ్యం దర్శనానికీ టిక్కెట్టే!

ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానం. రాజుగారి మతవిధానానికి తలొగ్గని కోవెనంటర్లను వెయ్యిమందికి పైగా 1679లో ఇక్కడ నెలల తరబడి ఆరుబయటే బంధించారు. చలికీ ఆకలికీ ఎందరో రాలిపోయారు. వాళ్లను వేటాడిన సర్కారు వకీలు జార్జ్ మెకంజీ గోరీ కూడా ఆ దగ్గర్లోనే. ఇప్పుడాయన దెయ్యమై జనాన్ని గిల్లుతాడట, రక్కుతాడట! జైలు భాగానికి ఇప్పటికీ ఇనుప గేటు, దానికో తాళం. రాత్రిపూట గైడుగారు గొంతు వణికించుకుంటూ ఆ తాళం తీస్తారు, టిక్కెట్టున్నవాళ్లకే సుమండీ. నాడు బయటికి రానిచ్చేవారు కాదు, నేడు ఊరికే లోపలికి పోనివ్వరు. చీకట్లోంచి ఎవడో ‘భౌ’మని దూకితే కెవ్వుమని కేక, టిక్కెట్టు డబ్బు గిట్టినట్టే. చలికి చచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పాపం, వాళ్లకు గిల్లడం రాదాయె!