గోడ దూకేవాళ్ల ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ

కెనడాలో అన్నిటికంటే వేగంగా పనయ్యే వలస మార్గం ఒకటుంది. ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో అది కనిపించదు, కన్సల్టెంట్ల దగ్గర దాని ఫారాలు దొరకవు. ఒట్టావాలో హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఒక వరస బల్లల నుంచి ఎదురు వరస బల్లలకు వెళ్లడమే ఆ ప్రయాణం. రెండింటి మధ్య దూరం రెండు కత్తుల పొడవని సంప్రదాయం చెబుతుంది. దీన్ని గోడదూకుడు వీసా అనవచ్చు. 2025 డిసెంబరు 11న అది మార్కం–యూనియన్‌విల్ ఎంపీ మైకేల్ మాకు మంజూరైంది. ముందురోజు రాత్రి కన్సర్వేటివ్‌ల క్రిస్మస్ పార్టీలో ఉన్న మనిషి మర్నాటి సాయంత్రానికల్లా లిబరల్‌ల క్రిస్మస్ పార్టీలో ప్రధాని కార్నీ పక్కన తేలారు. జెట్‌లాగ్ కూడా తగిలి ఉండదు.

ముందు అర్హతలు. మామూలు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో లెక్క 1200 పాయింట్లకు. వయసు, చదువు, ఐఇఎల్‌టిఎస్, అనుభవం అన్నీ కూడితే 500 దాటినా పిలుపు రాక, బ్రాంప్టన్ బేస్‌మెంట్లలో డ్రా ఎప్పుడా అని ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న తెలుగు పిల్లలున్నారు. ఉస్మానియా డిగ్రీ అసలుదేనని ఇంకో సంస్థ ధ్రువీకరించాలి. హైదరాబాద్ నుంచి పోలీసు క్లియరెన్స్ తెప్పించుకోవాలి. గోడదూకుడు వీసాకు ఈ తంటాలేమీ లేవు. పాత ఉపన్యాసాలను ఎవరూ తిరగేయరు, కొత్త పార్టీ మీద పోసిన తిట్లకు క్లియరెన్స్ అడగరు. మామూలు దరఖాస్తుదారుడికి జాబ్ ఆఫర్ మీద ఇచ్చే పాయింట్లను 2025 మార్చిలో ఎత్తేశారు. ఈ విభాగంలో మాత్రం జాబ్ ఆఫరే పెద్ద అర్హత.

ఈ వీసాకు నమూనా దరఖాస్తుదారుడు జాక్ హార్నర్. ఆల్బర్టాలో పశువుల రాంచ్ యజమాని. తండ్రి సెనేటర్, అన్నదమ్ముల్లో ఇద్దరు ఎంపీలు. 1958 నుంచి వరసగా ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ ఎంపీగా గెలుస్తూ వచ్చారు. లిబరల్ ప్రధాని పియర్ ట్రూడో అంటే గిట్టదు, ట్రూడో తెచ్చిన అధికార భాషల చట్టం అంటే అసలే గిట్టదు. 1976లో పార్టీ నాయకత్వానికి పోటీపడితే పదవి జో క్లార్క్‌ను వరించింది. 1977 ఏప్రిల్ వచ్చేసరికి హార్నర్ అదే ట్రూడో మంత్రివర్గంలో ఉన్నారు. మొదట శాఖ లేని మంత్రి, కొన్ని నెలల్లోనే పరిశ్రమలు, వాణిజ్య శాఖల మంత్రి. మామూలు వలసదారుడికి ఫ్రెంచ్ వస్తే అదనపు పాయింట్లు వేస్తారు. ఈయనకు ఫ్రెంచ్‌ను అడ్డుకున్నందుకే వేసినట్టున్నారు.

ఈ వీసాలో పదవి ముందు, పరీక్ష తర్వాత. మామూలు వలసదారుడు అయిదేళ్లలో 1,095 రోజులు ఇక్కడ ఉండి, 20 ప్రశ్నల్లో 15కి సరిగ్గా జవాబిస్తేనే పౌరుడవుతాడు. హార్నర్‌కు వచ్చింది ఒకటే ప్రశ్న, అది 1979లో ఆయన నియోజకవర్గం క్రోఫుట్ ఓటర్లు అడిగారు. ఇరవై ఏళ్లు నెత్తిన పెట్టుకున్న ఊళ్లే అయిదో వంతు ఓట్లయినా వేయలేదు. 1980లో మళ్లీ నిలబడ్డారు, మళ్లీ ఓడారు. అయితే ఈ వీసాలో పరీక్ష తప్పినవాడిని దేశం దాటించరు. 1982లో ఆయన్ను ప్రభుత్వ రైల్వే సంస్థ సీఎన్‌కు చైర్మన్‌ను చేశారు. సెటిల్‌మెంట్ సేవలంటే అవి.

తర్వాతి తరం దరఖాస్తుదారులకు టైమింగ్ బాగా తెలిసింది. బెలిండా స్ట్రోనాక్ 2005 మే 17న కన్సర్వేటివ్ బల్ల వదిలి లిబరల్ మంత్రి అయ్యారు. రెండు రోజులకు లిబరల్ ప్రధాని పాల్ మార్టిన్ ప్రభుత్వానికి ప్రాణసంకటమైన ఓటింగులో 152–152 వచ్చింది, స్పీకర్ ఓటుతో సర్కారు గట్టెక్కింది. 2015లో కన్సర్వేటివ్ ఎంపీ ఈవ్ ఆడమ్స్‌కు వీసా వచ్చింది గానీ కొత్త పార్టీ కార్యకర్తలు టికెట్టే ఇవ్వలేదు. 2014 డిసెంబరులో డానియెల్ స్మిత్ ఆల్బర్టాలో ప్రతిపక్ష నేతగా ఉంటూనే మరో ఎనిమిది మందితో అధికార పార్టీలోకి వెళ్లారు. ఆ తొమ్మిది మందిలో ఒక్కరూ 2015లో నెగ్గి సభకు రాలేదు, 44 ఏళ్లు ఏలిన ఆ పార్టీ కూడా గద్దె దిగింది. స్మిత్ మాత్రం 2022లో ఇంకో పార్టీ మీద ప్రీమియరై వచ్చారు. ఈ వీసాకు గడువు తీరడమంటూ ఉండదన్నమాట.

ప్రాసెసింగ్ సమయంలో రికార్డు డేవిడ్ ఎమర్సన్‌ది. మార్టిన్ ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి. 2006 జనవరి 23న వాంకూవర్ కింగ్స్‌వేలో లిబరల్‌గా గెలిచారు. ఆ రాత్రి కన్సర్వేటివ్ నేత స్టీఫెన్ హార్పర్‌కు పీడకలనవుతానని గర్జించారు. ఫిబ్రవరి 6న అదే హార్పర్ మంత్రివర్గంలో అంతర్జాతీయ వాణిజ్య మంత్రిగా ప్రమాణం చేశారు. పద్నాలుగు రోజులు. ఇక్కడ యజమాని పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. స్థానికంగా మనిషి దొరకలేదని రుజువు చేస్తేనే విదేశీ కార్మికుడిని పెట్టుకోవచ్చన్నది కెనడా నిబంధన. ఆ ఎన్నికల్లో టొరంటో, మాంట్రియల్, వాంకూవర్ నగరాల్లో కన్సర్వేటివ్‌లకు ఒక్క సీటూ రాలేదు. కాబట్టి హార్పర్ కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. ఎథిక్స్ కమిషనర్ విచారించి నియమోల్లంఘన ఏదీ లేదన్నారు. నియమమే లేనిచోట ఉల్లంఘన ఎక్కడి నుంచి వస్తుంది? 2008లో ఎమర్సన్ అసలు పోటీయే చేయలేదు. పరీక్ష హాలుకు వెళ్లని అభ్యర్థి తప్పడు కదా.

భారతదేశంలో ఈ వలస 1985 నుంచి చట్టవిరుద్ధం. అయితే డిపోర్టేషన్ ఉత్తర్వు రాయాల్సిన స్పీకర్ సాధారణంగా అతిథికి అన్నం పెట్టిన ఇంటి మనిషే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు పసుపు కండువా కప్పుకున్నారు, వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు, అయిదేళ్లు నిండేదాకా ఎవరి సభ్యత్వమూ పోలేదు. 2019లో తెలుగుదేశానికి దక్కినవీ సరిగ్గా 23 సీట్లే. కెనడాలో ఉత్తర్వు రాయడానికి చట్టమే లేదు. పార్టీ వదిలినవాడు వచ్చే ఎన్నికలదాకా స్వతంత్రుడిగానే కూర్చోవాలని మానిటోబా 2006లో చట్టం తెచ్చింది. 2018లో అదే మానిటోబా దాన్ని రద్దు చేసింది.

ఇక ఈ వీసా ముచ్చట చాలు. జరుగుతున్నది దొంగతనం. జనం మనిషికి ఓటేస్తారే గానీ పార్టీకి కాదన్న పాత సమర్థన శుద్ధ అబద్ధం. 1972 ఎన్నికల నుంచి బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థి పేరుతోపాటు పార్టీ పేరు అచ్చవుతోంది. మంచులో ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచే వాలంటీరు ఆ పార్టీ కోసమే తిరుగుతాడు. కింగ్స్‌వేలో కన్సర్వేటివ్‌లను మూడో స్థానానికి నెట్టిన ఓటర్లకు కన్సర్వేటివ్ మంత్రిని అంటగట్టారు. వాళ్లు ప్లకార్డులు పట్టుకుని ఉప ఎన్నిక పెట్టమని అడిగితే పట్టించుకున్న నాథుడు లేడు. 2025 ఏప్రిల్‌లో లిబరల్‌లకు దేశం ఇచ్చినవి 169 సీట్లు. నవంబరులో కన్సర్వేటివ్‌ల నుంచి దూకిన క్రిస్ డాంత్రమాంతో 170, డిసెంబరులో మైకేల్ మాతో 171 అయ్యాయి. మెజారిటీకి 172 కావాలి. దేశం ఇవ్వనన్న మెజారిటీని బేరమాడి కూడబెడుతూ అదేదో రాజనీతిలా చెప్పుకోవడం సిగ్గుచేటు. లోగడ స్ట్రోనాక్ విషయంలో గగ్గోలుపెట్టి, ఏడాది తిరక్కుండా ఎమర్సన్‌ను అక్కున చేర్చుకున్న కన్సర్వేటివ్‌లకూ ఇప్పుడు నోరెత్తే అర్హత లేదు.

ఈ దేశానికి మందు తెలియక కాదు. 1931 దాకా కెనడాలో ఎంపీ మంత్రి కావాలంటే సీటు వదులుకుని ఉప ఎన్నికలో మళ్లీ గెలవాల్సి వచ్చేది. మంత్రి పదవికే ఆ షరతు ఉన్నప్పుడు పార్టీ మార్పిడికి పెట్టడం కష్టమేమీ కాదు. రేపు తమ ఎంపీ ఎటు దూకుతాడో తెలియని తెలుగు ఓటర్లు ఈ సంగతి ఆయనకే రాయవచ్చు. హౌస్ ఆఫ్ కామన్స్ చిరునామాకు ఎంపీ పేరిట పంపే ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు.